పేరు రాసిన అంచు

ఆ ఏడు ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా మా ఇంట్లో ఫిడేలన్న మాట ఎవరూ ఎత్తలేదు. పొరపాటున ఎత్తితే అమ్మ తన చేతిలో ఏది ఉంటే దాన్ని ఠక్కున బల్ల మీద పెట్టేది. ఫిడేలు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఎర్ర ఫ్లానెల్ గుడ్డలో చుట్టి, అమ్మ పెట్టెలో దుప్పట్ల అడుగున పడుకుంది. పెట్టె తాళంచెవి అమ్మ మెడలో, సిలువ పక్కనే వేలాడేది.

డూనార ఊళ్లో చలికాలమంతా జనం చేరి నాట్యమాడే వంటిల్లు మాది. అమ్మ బల్లని గోడకి జరిపిందంటే ఆట మొదలైనట్టే. మా నాన్న థేడీ టబ్రిడీ కమాను పడితే ఎంత మొండి మోకాలైనా కుర్చీలో ఉండలేదని క్లేర్ జిల్లా పడమటి తీరమంతా చెప్పుకునేవాళ్లు. కొత్తగా వచ్చిన ఫాదర్ గ్లిన్ గారికి ఇవేవీ గిట్టలేదు. ఒక ఆదివారం చర్చిలో పీఠం ముందు నిలబడి, పేరు చెప్పకుండానే ఫలానా ఇల్లని పసిపిల్లలకి కూడా తెలిసేట్టు మమ్మల్ని కడిగేశారు. పై ఆదివారం పూజ అయ్యాక నాన్న లేచి, పీఠం కటకటాల దాకా నడిచి, ఊరందరి ముందూ ఒట్టేశాడు. ఇక కమాను ముట్టనన్నాడు.

నా కోసమే వేశాడు. ఊరి బడికి మేనేజరు ఫాదరే. ఐదేళ్లుగా నేను ఆ బడిలో చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దిస్తున్నాను. ముసలి పంతులమ్మ సెప్టెంబరులో దిగిపోతుంది. ఆ కుర్చీ నాకివ్వాలన్నా, ఇంకొకరికివ్వాలన్నా ఫాదర్ సంతకమే. రాకపోతే కిల్‌కీ వెళ్లి సముద్రస్నానాలకొచ్చే దొరసానుల పక్కలు దులపాలి. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. నాకా కుర్చీ కావాలి. అంత గట్టిగా ఇంకేదీ కోరుకోలేదు ఆ వయసులో, పెళ్లికొడుకుని కూడా.

జులైలో లీహీ గారు దిగారు. కార్క్ నుంచి వచ్చిన పెద్దమనిషి. గాడిదబండి మీద ఒక పెట్టె, ఒక ఇత్తడి బాకా, దూదిలో చుట్టిన మైనపు గొట్టాలు. వేసవంతా ఊరూరా తిరిగి వాయించేవాళ్ల పాటలు ఆ మైనం మీదికి ఎక్కిస్తున్నారట. కిల్‌రష్‌లో రైలు దిగి ఎవర్నడిగినా థేడీ టబ్రిడీ ఇంటికే దారి చూపించారట. చూపించరూ మరి, వేడుక చూడ్డానికి అందరూ ముందే.

"నాకిప్పుడు చేతకాదు సార్," అన్నాడు నాన్న. చూపు పొయ్యిలో కాలుతున్న టర్ఫ్ మట్టిగడ్డల మీదే పెట్టాడు.

"మీకు చేతకాకపోతే ఈ జిల్లాలో ఎవరికి చేతవును?"

"ఎవరికీ తెలియని పాటలు కావాలేమో మీకు. అవి నా దగ్గర లేవు."

"నాకవి వద్దండీ. అలాంటివాటి వెనక అందరూ పడుతున్నారు," అన్నారు లీహీ గారు. "ప్రతి వంటింట్లో ఆడతారే, గొడ్లు కాసేవాడు కూడా ఈల వేస్తాడే, ఆ రీల్ నాట్యం పాట కావాలి. అవే ముందు మాయమవుతాయి. అందరికీ వచ్చు కదా అని ఎవరూ దాచిపెట్టరు."

నాన్న తలెత్తాడు. అమ్మ పాలగిన్నె ఠక్కున బల్ల మీద పెట్టింది.

"ఆయనకి గడ్డి కోత ఉందండి," అంది.

ఒట్టు సంగతి ఆయనకి అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. పరాయి ఊరివాడి ముందు మన ఫాదర్‌ని పలచన చేస్తామా అన్నది అమ్మ పౌరుషం. ఒకాయన కసిరితే ఫిడేలు మూలన పెట్టానని చెప్పుకోవడం నాన్నకి నామోషీ. నేనా, పెద్దవాళ్లు మాట్లాడుతుంటే నోరు మూసుకునే బుద్ధిమంతురాలిని. ముగ్గురం కలిసి ఆ మనిషికి మంచి మజ్జిగా, ఉడికించిన బంగాళాదుంపలూ పెట్టి పంపించాం.

మర్నాడు దుంపల పొలంలో నాన్న నా పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"హన్నీ, బడి తాళం నీ దగ్గరే ఉంది కదూ."

"ఎందుకు?"

"లీహీ గారి దగ్గర ఒక్క గొట్టమే మిగిలిందట. ఫిడేలు కూడా ఆయనదే ఉంది. వంటింట్లో అయితే మీ అమ్మ. కొట్టంలో అయితే గాడిద ఊరుకోదు."

"ఒట్టేశావు నాన్నా."

"వేశాను."

అంతకు మించి బతిమాలలేదు. మళ్లీ వెళ్లి పార అందుకున్నాడు. ఐదు నెలలుగా నేను చూస్తూనే ఉన్నాను, పార పిడి మీద ఆయన ఎడమచేతి వేళ్లు వాటంతట అవే కదులుతుండేవి. ఆయనకి తెలిసేది కాదు. ఇప్పుడూ కదులుతున్నాయి.

"అది ఎక్కడికి పోతుంది, ఆ గొట్టం?" అన్నాను.

"డబ్లిన్‌లో ఏదో అలమారాలోకట. ఇక్కడివాళ్లు ఎవరూ వినేది లేదు."

ఇంటికెళ్లి, గోడ మేకుకున్న తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టాను. నా చేత్తో నేనే పెట్టాను.

సెలవులు కాబట్టి బడి ఖాళీ. లీహీ గారు పెట్టెని పంతులమ్మ బల్ల మీద పెట్టి, మైనపు గొట్టం నా చేతికిచ్చారు. సబ్బులాగా గోధుమరంగులో ఉంది. "రెండు వేళ్లు లోపలికి పెట్టి పట్టుకో అమ్మాయ్, పైన తాకావా అయిపోయిందే. కాస్త వెచ్చబడాలి, చల్లటి మైనాన్ని సూది కొరకదు," అన్నారు. శాలువా కింద, గుండెకి దగ్గరగా పట్టుకున్నాను. వెచ్చబడ్డాక తీసుకుని, నన్ను వాకిట్లో కాపలా ఉండమన్నారు. తలుపు మూసి, అటు వీపు పెట్టి దారి చూస్తూ నిలబడ్డాను. కాబట్టి ఆ యంత్రం ఎలా తిరిగిందో, సూది ఎటు నుంచి ఎటు నడిచిందో నేను చూడలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

ముందు లీహీ గారి గొంతు వినిపించింది. బాకాలోకి వంగి కాబోలు, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు అరిచి చెప్పారు. "వాయిస్తున్నది థేడీ టబ్రిడీ. డూనార బడిలో. పంతొమ్మిది వందల ఆరు, జులై ఇరవై."

 పేరు, చోటు, తారీఖు. ఒట్టేసింది ఫిబ్రవరిలో. లోపలికి పరిగెత్తి ఆపుదామా అనుకునేలోపే ఫిడేలు మొదలైంది.

మొదటి నాలుగు కమాను గీతలూ తడబడ్డాయి. వేలికొసలు మెత్తబడిపోయాయి పాపం. తర్వాత కుదురుకున్నాడు. అది మా వంటింటి రీల్, దానికి పేరు కూడా లేదు, "ఆ పాటే వేయి థేడీ" అంటే అదే. మూడు చుట్లు వాయించాడు. దారి మీద కళ్లు పెట్టిన నాకు దారి కనిపించడం మానేసింది. ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది నాకు.

లోపలికి పిలిచినప్పుడు నాన్న ముఖం కడుక్కున్నట్టుంది. "ఒకసారి వినిపించండి సార్," అంటున్నాడు. లీహీ గారు తల అడ్డంగా ఊపారు. వినిపించినప్పుడల్లా మైనం అరుగుతుందట. నా చేతిరాత బాగుంటుందని నాన్న గొప్పలు చెప్తే, గొట్టం మందంగా ఉన్న అంచు మీద సూదితో నాన్న పేరు గీయమన్నారు. గీశాను. డబ్బా మూత మీద చీటీ కూడా రాశాను. ముత్యాల్లాంటి అక్షరాలు. పంతులమ్మని కదా కాబోయేది.

ఆగస్టు నడిమధ్యలో ఒక ఆదివారం, ఫాదర్ గ్లిన్ గారు ప్రసంగం చివర చిరునవ్వు నవ్వారు. ఆయన నవ్వితే మాకెప్పుడూ భయమే. సెప్టెంబరు రెండో శనివారం పట్టణంలో సంగీతోత్సవమట, కమిటీకి తానే అధ్యక్షుడట. "కార్క్ నుంచి లీహీ గారు తమ యంత్రంతో వస్తున్నారు. మన ఊరి పాట కూడా ఒకటి ఉందని రాశారు. ఎవరు పాడారో, ఎవరు వాయించారో రాయలేదు. అందరితో పాటే నేనూ అప్పుడే వింటాను. అందరూ రండి."

నాన్న మెడ వెనక ఎర్రబడింది.  ఇంటికి వచ్చే దారిలో మా గోడ దాకా వచ్చాక అమ్మ ఆగింది.

"ఏ చేత్తో ఒట్టేశావు థేడీ?"

నాన్న కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ చేత్తోనే వాయించావా?"

"వెళ్లి చెప్పేస్తాను డీలియా. ఇప్పుడే వెళ్తాను."

"చెప్పి? నీ గుండె బరువు దిగుతుంది. పిల్ల ఉద్యోగానికి నీళ్లొదులుకోవాలి. సంతకం పెట్టేది ఉత్సవం అయ్యాక సోమవారం. అప్పటిదాకా నోరు కుట్టుకో." తర్వాత నా వైపు తిరిగింది. "తాళం ఎవరిచ్చారో నేనడగను. అడిగితే నువ్వు చెప్తావు. చెప్తే నేను వినాలి."

లీహీ గారికి ఉత్తరం రాద్దామంటే ఆయన ఏ జిల్లాలో ఏ బండి మీద ఉన్నారో ఎవరికి తెలుసు. ఉత్సవానికి ముందు రోజు వచ్చారట, దిగింది ఫాదర్ ఇంట్లోనే. ఆ శనివారం పొద్దున కూడా ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకునే తిరుగుతున్నారు. దగ్గరికి పోయి ఏం చెప్పను, ఎలా చెప్పను?

కమిటీ వాళ్లకి టీ కాచే పనికి నేనే వెళ్లి పేరిచ్చాను. హాలు పక్క గదిలో టీ పాత్ర. దాని పక్క బల్ల మీద ఎనిమిది డబ్బాలు వరసగా. ఆరోదాని మూత మీద నా చేతిరాత.

హాల్లో ఎవరో హార్ప్ వాయిస్తున్నారు. గదిలో నేనొక్కదాన్నే. దొంగిలిద్దామా? ఎనిమిదిలో ఒకటి తగ్గితే లీహీ గారు గోల చేస్తారు, నాన్న పేరు చెప్పి మరీ వెతుకుతారు. నేల మీద పడేద్దామా? ముక్కలవుతుంది. చెయ్యి రాలేదు. నాన్న అది ఒక్కసారి కూడా వినలేదు. నాకు పాట పోవాలని లేదు, ఆ మాటలు పోతే చాలు. పేరు, చోటు, తారీఖు. బొటనవేలి వెడల్పు మైనం చదునైతే చాలు. ఎవరో ఊరూ పేరూ లేని మనిషి రీల్ అవుతుంది అది.

చీటీ చించి పొయ్యిలో వేశాను. మరుగుతున్న టీలోంచి చెంచా తీసి, వీపు తుడిచి, గొట్టం అంచు మీద పెట్టాను. ఏ అంచంటారా? పేరు గీసిన అంచు. ఐదేళ్లుగా పిల్లలకి నేను నేర్పిందేమిటి, పలక మీద ముందు పేరు రాయాలి, తర్వాతే పాఠం. పేరెక్కడుంటే మొదలక్కడే. ఇందులో ఆలోచించాల్సింది ఏముందని నాకు తోచనే లేదు. మైనం మెత్తగా కరిగి, గీతలు పూడిపోయాయి. చుట్టూ తిప్పుతూ రుద్దాను. చెంచా మళ్లీ ముంచాను, మళ్లీ రుద్దాను. హార్ప్ ఆగింది. గొట్టం డబ్బాలో పెట్టి, చెంచా ఆప్రాన్ జేబులో వేసుకుని, ఫాదర్ గారి కప్పులో టీ పోశాను, సగం సాసరులోకి.

"చేతులు చల్లబడ్డాయా హనోరా?" అన్నారాయన లోపలికొచ్చి. "సోమవారం నీకో ఉత్తరం రాయాలి నేను. మర్చిపోలేదులే."

హాలు కిటకిటలాడిపోతోంది. డూనార జనమంతా వెనక బల్లల మీద. నాన్న గోడకి ఆనుకుని నిలబడ్డాడు, అమ్మ ఆడవాళ్ల వైపు కూర్చుంది. లీహీ గారు ఐదు గొట్టాలు వినిపించారు. ఆరోది తీసి, మూత చూసి, "దీని చీటీ ఎక్కడో ఊడిపోయింది. ఫరవాలేదు, అదే చెప్తుంది," అంటూ యంత్రానికి తొడిగారు. అప్పుడు చూశాను. పేరున్న అంచు ఇవతలికి ఉంది. సూదిని ఆయన అవతలి అంచు మీద దించారు.

"వాయిస్తున్నది థేడీ టబ్రిడీ," అంది బాకా. "డూనార బడిలో. పంతొమ్మిది వందల ఆరు, జులై ఇరవై."

ఒక్క అక్షరం చెక్కు చెదరలేదు. ముందు వరసలో ఫాదర్ గ్లిన్ గారి వీపు నిటారైంది. మా ఊరివాళ్లు ఒకరి తర్వాత ఒకరు నాన్న వైపు తిరిగారు. నేను గది గుమ్మంలో, చేతిలో ఖాళీ ట్రే.

తర్వాత పాట వచ్చింది. దూరం నుంచి, పక్క ఇంట్లోంచి వస్తున్నట్టు, అయినా అది నాన్న చెయ్యే. మొదటి నాలుగు గీతల తడబాటుతో సహా. నాన్న నోరు కొద్దిగా తెరుచుకుంది. తనకు తాను ఎలా వినిపిస్తాడో తెలియని మనిషి, యాభై ఏళ్లకి మొదటిసారి వింటున్నాడు. ఒక చుట్టు అయింది. రెండో చుట్టు అయింది. వెనక బల్లల కింద బూట్లు మెల్లగా కదులుతున్నాయి. మూడో చుట్టులో, సరిగ్గా పాట ముగింపుకి తిరిగే చోట, పెనంలో కొవ్వు పోసినట్టు చుర్రుమంది. ఇక ఫిడేలు లేదు, ఒట్టి చప్పుడే.

నాన్న ముఖం చూడలేకపోయాను. చూడకుండానూ ఉండలేకపోయాను.

యంత్రం అలా చుర్రుమంటూనే ఉంది. కింద బూట్లు మాత్రం ఆగలేదు. ఆ రీల్ మీద పుట్టి పెరిగిన కాళ్లు అవి, మధ్యలో వదిలెయ్యడం వాటికి రాదు. పైన ముఖాలన్నీ భయంగా ఫాదర్ వీపు మీదే ఉన్నాయి, కింద మడమలు మాత్రం చివరి ఎనిమిది దెబ్బలూ వేసి, ముగింపు దగ్గర అందరివీ ఒక్కసారే ఆగాయి. ఫాదర్ గారి కాళ్లు అంగీ కింద ఉన్నాయి. అవేం చేశాయో నాకు తెలియదు.

"ఎండకి కరిగినట్టుంది, ఎంత నష్టం," అని లీహీ గారు గొట్టాన్ని తిప్పి తిప్పి చూసుకున్నారు.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం ఫాదర్ మా ఇంటికొచ్చారు. అమ్మ కుర్చీ తుడిచి వేసింది. ఆయన కూర్చోలేదు.

"థేడీ, ఒట్టు సంగతి నువ్వూ దేవుడూ చూసుకోండి. పాపం చెప్పుకోవడానికి రా, వింటాను. నేనొచ్చింది దాని గురించి కాదు." నా వైపు తిరిగారు. "ఆ బడి తాళం నమ్మి ఒకరి చేతికిచ్చాను. ఎవరు తెరిచారు తలుపు?"

"నేనే తీసుకున్నాను ఫాదర్," అన్నాడు నాన్న వెంటనే. "మేకు మీంచి. పిల్లకి తెలియదు."

ఫాదర్ నన్నే చూస్తున్నారు. ఆయన కళ్లలో కోపం లేదు. ఆ అబద్ధాన్ని నేను ఒప్పుకుంటే ఆయన కూడా ఒప్పుకునేవారేమో. సంతకం పెట్టేవారేమో. నాన్న కూడా నన్ను చూస్తున్నాడు, ఊరుకోమని. ఒట్టు తప్పినవాడని నిన్ననే ఊరంతా విన్నది. ఇప్పుడు నా వల్ల దొంగ కూడా కావాలా?

"నేనే ఇచ్చాను ఫాదర్," అన్నాను. "తెలిసే ఇచ్చాను."

 ఆయన చెయ్యి చాపారు. మేకుకున్న తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టాను. టోపీ పెట్టుకుని వెళ్లిపోయారు. తర్వాత తెలిసింది, ఆ కుర్చీ ఎన్నిస్ నుంచి వచ్చిన ఒక అమ్మాయికి ఇచ్చారని. మంచి పిల్లేనట.

ముగ్గురం పొయ్యి ముందు కూర్చున్నాం.  అమ్మ లేచి, నా ఆప్రాన్ జేబులోంచి ఏదో తీసి బల్ల మీద పెట్టింది. ఠక్కున కాదు, మెల్లగా. టీ చెంచా. వీపున గోధుమరంగు మైనం అట్టకట్టి ఉంది.

నాన్న దాన్ని తీసుకుని గోటితో గీకి చూశాడు.

"ఏ అంచు రుద్దావు?"

"పేరున్న అంచు."

"అదెందుకు?"

"పేరు ముందుంటుంది కదా నాన్నా."

ఆయన చెంచా కింద పెట్టాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నాను, నవ్వుతున్నాడు. కాదు, రెండూ.

"అది చివరే పిచ్చిపిల్లా. సూది అటు నుంచి రాదు."

"నీ పాట పోకూడదనే..." అన్నాను. 

అమ్మ మెడలోంచి తాళంచెవి తీసింది. పెట్టె తెరిచి, దుప్పట్లు ఒక్కొక్కటే మంచం మీద పెట్టి, ఎర్ర ఫ్లానెల్ మూట తెచ్చి నాన్న ఒళ్లో ఉంచింది. "దేని కోసం వేశావో ఆ ఒట్టు, ఆ పనే పోయింది," అంది. "ఇక నేనెందుకు మోయాలి దీన్ని?"

తీగలు బిగించుకోవడానికే ఆయనకి చాలాసేపు పట్టింది. తర్వాత ఆ పాటే ఎత్తుకున్నాడు. ఒక చుట్టు, రెండు చుట్లు. మూడో చుట్టులో ముగింపుకి తిరిగే చోట కమాను పైకెత్తేసి, దాని కొన నా వైపు చూపించాడు.

"ఇక్కడ్నించి నీది. చెరిపినవాళ్లే పాడాలి."

నలుగురిలో నేనెన్నడూ నోరెత్తి పాడినదాన్ని కాదు. ముక్కు తుడుచుకుని, డిడిల్ డీ డిడిల్ డం అంటూ, శ్రుతి ఎటు పోతే అటు పోనిచ్చి, చివరి దాకా పాడాను. తలుపు తెరిచే ఉంది. దారిన పోయేవాళ్లు ఎవరో గోడ దగ్గర ఆగారు, తర్వాత ఇంకెవరో ఆగారు.

"మళ్లీ," అన్నాడు నాన్న.

అమ్మ లేచి బల్లని గోడకి జరిపింది.